మార్కెట్టు పడుకున్నప్పుడు బ్రోకరు బతకడం ఎలా?

మన సాఫ్ట్‌వేరు జనానికి రియల్ ఎస్టేట్ బ్రోకరంటే మొదటినుంచీ చిన్నచూపే. తాళంచెవి తెచ్చి తలుపు తీస్తాడు, నాలుగు గదులు చూపిస్తాడు, ఓనరు ఫోన్ నెంబరు దాచిపెడతాడు, ఆఖర్న ఒక శాతమో రెండు శాతమో పట్టుకుపోతాడు. "ఈ మాత్రం దానికి లక్షలా?" అన్న మాట ఆఫీసులో భోజనాల దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మార్కెట్టు పరుగెత్తుతున్న రోజుల్లో ఆ మాటలో నిజం లేకపోలేదు. పొద్దున చూపించిన ప్లాటు సాయంత్రానికి అమ్ముడైపోతుంటే అందులో బ్రోకరు ప్రతిభ ఏముంది? అమ్మింది మార్కెట్టే, వీడు దారి చూపించాడంతే.

కానీ ఆ పనికి అసలు విలువ ఎంతో తెలిసేది మార్కెట్టు పడుకున్నప్పుడే అని నా అభిప్రాయం. అప్పుడు చాలామంది షట్టరు దించేస్తారు. కొందరు నిలబడతారు. ఆ నిలబడేవాళ్ళు ఏం చేస్తారో కొంచెం దగ్గరగా చూసే అవకాశం నాకు వచ్చింది. మా పిన్ని కొడుకు 2006 నుంచి వనస్థలిపురంలో ఇదే పనిలో ఉన్నాడు. 2024లో మా అత్తగారి ఇల్లు అమ్మి పెట్టింది కూడా వాడే. ఆ అనుభవం మీద రాస్తున్నదే ఇదంతా.

ముందు, డల్ మార్కెట్టు అంటే ఏమిటి?

షేర్ మార్కెట్టు పడితే రేటు పడుతుంది. ఆ పడిన రేటు అందరికీ స్క్రీన్ మీద కనిపిస్తుంది. భూమి అలా కాదు. రేటు పడదు, అమ్మకాలు ఆగిపోతాయి. అమ్మేవాడికి తొందర లేదు. ఎవరో ఎప్పుడో చెప్పిన అతి పెద్ద అంకె ఒకటి వాడి బుర్రలో మేకు కొట్టినట్టు ఉండిపోయింది. కొనేవాడేమో ఇంకా తగ్గుతుందని ఆగుతాడు. మధ్యలో కొత్త బేరాలు జరగవు కాబట్టి అసలు రేటెంతో ఎవరికీ తెలియదు. ఏ వీధిలో చూసినా "ఫర్ సేల్" బోర్డులు, ఏ బ్రోకరు ఆఫీసులో చూసినా టీ గ్లాసులు.

హైదరాబాదు ఇలాంటివి కొన్ని చూసింది. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు మొదలైంది. ఆ డిసెంబరులో సత్యం కంపెనీ మేటాస్ కంపెనీల్ని కొనబోయి వెనక్కి తగ్గడం, 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికి రావడం మనలో చాలామందికి ఇంకా గుర్తే. సత్యం స్పెల్లింగుని తిరగేస్తే మేటాస్ వస్తుందని అప్పట్లో అందరం చెప్పుకున్నాం! ఐటీ జీతాలకీ భూములకీ ఉన్న ముడి ఏమిటో ఆ నెలలో ఊరందరికీ అర్థమైంది. అదే ఏడాది డిసెంబరు 9 ప్రకటన తర్వాత 2014 జూన్‌లో రాష్ట్రం ఏర్పడేదాకా "ఏమవుతుందో చూద్దాం" అన్న మాటే నడిచింది. 2020లో కోవిడ్ ఒకటి, దాని మీద సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా తెలంగాణలో రిజిస్ట్రేషన్లే ఆగిపోవడం ఒకటి. అటు అమరావతి చుట్టుపక్కల 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే బేరాలు చల్లబడ్డాయి, 2024 జూన్‌లో ప్రభుత్వం మారేదాకా మళ్ళీ ఊపు రాలేదు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఇక్కడ కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న మారింది. అంతకుముందు "మెట్రో ఎంత దూరం?" అనేవాళ్ళు. ఇప్పుడు "చెరువు ఎంత దూరం?" అంటున్నారు.

డల్ టైములో చాలామంది చేసే పని

బేరాలు లేనప్పుడు బ్రోకర్లలో ఎక్కువమంది చేసేది, ఉన్న పనినే ఇంకా గట్టిగా అరుస్తూ చెయ్యడం. రోజుకి పది వాట్సాప్ ఫార్వర్డులు, "లాస్ట్ టూ ప్లాట్స్", "రేపటి నుంచి గజానికి వెయ్యి పెంపు" అంటూ. ఆ చివరి రెండు ప్లాట్లూ ఏడాదిగా చివరి రెండు ప్లాట్లే! మనం కోడ్‌లో బగ్ దొరక్కపోతే అదే బిల్డుని మళ్ళీ మళ్ళీ రన్ చేస్తాం చూడండి, అలాంటిదన్నమాట.

రెండో రకం ఇంకా ప్రమాదం. మామూలు ఇళ్ళు అమ్ముడవడం లేదు కాబట్టి ఎక్కువ కమీషన్ ఇచ్చే సరుకు వైపు వెళ్ళడం. హైదరాబాదులో దానికి పేరు ప్రీ లాంచ్. పర్మిషన్లు రాకముందే, రెరా నెంబరు లేకుండానే, మొత్తం డబ్బు ముందే కడితే సగం రేటుకి ఫ్లాటు అంటారు. బిల్డరుకి బ్యాంకు అప్పు కన్నా మన డబ్బు చౌక. బ్యాంకయితే కాగితాలు అడుగుతుంది, మనం అడగం. అందుకే ఆ సరుకుకి ఏజెంటు కమీషన్ మామూలు కన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మా టీములో ఒకతను 2021లో ఇలాగే పాతిక లక్షలు కట్టాడు. తీసుకెళ్ళింది ఎవరో కాదు, అంతకుముందు మాతోనే పనిచేసిన వ్యక్తి బంధువు. మూడేళ్ళ తర్వాత కూడా ఆ స్థలంలో గడ్డి తప్ప ఏమీ మొలవలేదు. ఏజెంటు ఫోన్ తీస్తాడు, మర్యాదగానే మాట్లాడతాడు, "నేనూ మీలాగే ఇరుక్కున్నా సార్" అంటాడు. అది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ మనిషి ఈ ఊళ్ళో ఇక ఎవరికి ఏం అమ్మగలడు?

2016 రెరా చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది యూనిట్లు దాటినా ప్రాజెక్టుని రిజిస్టరు చేశాకే ప్రకటన ఇవ్వాలి, బుకింగు తీసుకోవాలి. ఆ ప్రాజెక్టుల్లో అమ్మే ఏజెంటు కూడా రిజిస్టరు చేసుకోవాలి, రిజిస్టరు కాని ప్రాజెక్టు అమ్మకూడదు, లెక్కలు రాసిపెట్టాలి. తప్పితే రోజుకి పదివేలు చొప్పున, ఆ ఆస్తి ఖరీదులో ఐదు శాతం దాకా జరిమానా పడొచ్చు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా పది శాతం మించి అడ్వాన్సు తీసుకునే హక్కు బిల్డరుకి లేదు. ఇవి తెలిసీ ప్రీ లాంచ్ అమ్మే ఏజెంటు, డల్ మార్కెట్టులో ఆర్నెల్ల ఖర్చుల కోసం తన ఇరవై ఏళ్ళ బతుకుతెరువుని అమ్ముకుంటున్నట్టే.

మా వాడి నోటుబుక్కు

ఇక మా తమ్ముడి సంగతికొస్తాను. మామగారు 2023లో పోయారు. అత్తయ్య ఒక్కరే ఆ పాత ఇంట్లో, రెండు మోకాళ్ళూ నొప్పి, మెట్లెక్కలేరు. ఇల్లు అమ్మి మాకు దగ్గర్లో లిఫ్టు ఉన్న ఫ్లాటు తీసుకుందామన్నది ఆలోచన. 200 గజాల స్థలం, కింద ఇల్లు, పైన ఒక గది. బంధువులతో డబ్బు వ్యవహారాలు వద్దని ఆవిడ పట్టుదల. అందుకని 2024 జనవరిలో వేరే నలుగురు బ్రోకర్లకి చెప్పారు. పక్కవీధి ఆయన గజం 90 వేలు అన్నారని ఆవిడా అదే అడిగారు. అంటే కోటీ ఎనభై లక్షలు. నలుగురూ "తప్పకుండా వస్తుందమ్మా" అన్నారు. ఏడు నెలల్లో చూడ్డానికి వచ్చింది ఐదుగురు. ఒక్కరు కూడా రెండోసారి రాలేదు. ఆ ఏడు నెలలూ ఆవిడ రాత్రిపూట ఒక్కరే ఆ ఇంట్లో ఉన్నారు. బాత్రూములో జారి పడిన రోజున మా ఆవిడ ఇక ఊరుకోలేదు. ఆగస్టులో మా తమ్ముడిని పిలిచాం.

వాడు ఇల్లు చూడలేదు. ముందు కూర్చుని ఒక్క ప్రశ్న అడిగాడు. "అత్తమ్మా, గజం తొంభై వేలని మీకు చెప్పినాయన ఆ రేటుకి కొన్నాడా, అమ్మిండా, లేకపోతే అమ్మాలని అనుకుంటున్నాడా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "అనుకుంటున్నాడు బాబూ" అన్నారు.

అప్పుడు సంచీలోంచి పొడుగాటి అకౌంటు పుస్తకం తీశాడు. 2007 నుంచి వాడి చుట్టుపక్కల జరిగిన ప్రతి బేరం అందులో ఉంది. తేదీ, వీధి, ఎన్ని గజాలు, ఏ ఫేసింగు, ముందు అడిగిందెంత, మొదట ఇస్తానన్నదెంత, ఆఖరికి తెగిందెంత, ఎన్ని రోజులు పట్టింది. వాడు చేసినవే కాదు, పక్క బ్రోకర్లు చేసినవి కూడా. ఆ కాలనీలో గత ఎనిమిది నెలల్లో తెగినవి నాలుగే బేరాలు. గజం 71 వేల నుంచి 76 వేల మధ్య. "మీరు తొంభై దగ్గరే ఉంటే ఇల్లు నేను తీసుకోను. నాకు టైం వేస్టు, మీకు టైం వేస్టు. డెబ్బై నాలుగు, డెబ్బై అయిదు అంటే ప్రయత్నం చేస్తా" అన్నాడు. అత్తయ్యకి కోపం వచ్చింది. రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత సరే అన్నారు.

ఈ పుస్తకం విలువ మన ఐటీ వాళ్ళకి ఇట్టే అర్థం కావాలి. మన దగ్గర అసలు రేటు ఎక్కడా దొరకదు. సేల్ డీడ్ తీసి చూస్తే అందులో రేటు చాలాసార్లు ప్రభుత్వ మార్కెట్ వాల్యూ దగ్గరే ఉంటుంది. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, మిగతా చార్జీలు కలిపి 7.5 శాతం అయ్యాయి కాబట్టి ఎక్కువ రాసుకోవడానికి ఎవరికీ సరదా ఉండదు. వెబ్‌సైట్లలో కనిపించేది అడుగుతున్న రేటు, తెగిన రేటు కాదు. అంటే ఎన్ని యాప్‌లు వచ్చినా తెగిన రేటు ఉండేది ఇలాంటి నోటుబుక్కుల్లోనే. బూమ్‌లో ఈ డేటా ఎవరికీ అక్కర్లేదు, నిన్నటి రేటు ఈరోజుకే పాతబడిపోతుంది. డల్‌గా ఉన్నప్పుడు అమ్మేవాడినీ కొనేవాడినీ ఒక అంకె దగ్గరికి తేగలిగేది అదొక్కటే. "ఎక్సెల్‌లో పెట్టరా, నేను చేసిస్తా" అంటే నవ్వాడు. "ఎక్సెల్‌లో పెడితే ఎవడో ఒకడు ఫార్వర్డ్ కొడతాడన్నా!"

కాగితాలు ముందు, కొనేవాడు తర్వాత

రేటు కుదిరాక కూడా వాడు ఎవర్నీ తీసుకురాలేదు. రెండు నెలలు కాగితాల పనే. నాకు మొదట విసుగనిపించింది గానీ, వాడి లెక్క విన్నాక సబబే అనిపించింది. డల్ మార్కెట్టులో ఇన్వెస్టరు ఉండడు. రేటు పెరుగుతుందన్న ఆశ మీద కొనేవాడు ముందే మాయమవుతాడు. మిగిలేది నిజంగా ఇల్లు కావలసినవాడు. వాడి దగ్గర డబ్బు తక్కువ, బ్యాంకు లోను తప్పదు. లోను ఇవ్వాలంటే బ్యాంకు లాయరు కాగితాలన్నీ తిరగేస్తాడు. అక్కడ ఒక్క కాగితం తక్కువైనా నెలన్నర పోతుంది, ఆ నెలన్నరలో కొనేవాడి మనసు మారుతుంది. బూమ్‌లో అయితే వాడు పోతే ఇంకొకడు. ఇప్పుడు వాడు పోతే మళ్ళీ మూడు నెలలు ఎదురుచూపులే.

మా విషయంలో ఆస్తి మామగారి పేరు మీద ఉంది, వీలునామా లేదు. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించాడు. మా ఆవిడ, అమెరికాలో ఉన్న మా మరదలు తమ వాటాలు అత్తయ్యకి రిలీజ్ డీడ్ రాసిచ్చారు. మరదలు రాలేదు కాబట్టి అక్కడ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, నోటరీ, అపోస్టిల్ చేయించి పంపింది. అలాంటి కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ సంగతి తెలియక ఆగిపోయిన రిజిస్ట్రేషన్లు చాలా చూశానని వాడు చెప్పాడు. రిలీజ్ డీడ్ ముందే అయిపోవడం వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. అమ్మేవాళ్ళలో ఎన్నారై లేరు కాబట్టి కొనేవాళ్ళు పట్టుకోవాల్సిన టీడీఎస్ ఒక శాతమే. 50 లక్షలు, ఆపైన ఆస్తికి అది మామూలే. ఎన్నారై అమ్మితే పట్టే శాతం చాలా ఎక్కువ, ఆ మాట వినగానే సగం మంది కొనేవాళ్ళు వెనక్కి తగ్గుతారట. క్యాపిటల్ గెయిన్స్ సంగతి అడిగితే మాత్రం "అది నా పని కాదు, సీఏని అడగండి" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పే బ్రోకరుని నేను చూడటం అదే మొదటిసారి.

దాంతోపాటు 1983 నుంచి ఈసీ, లింకు డాక్యుమెంట్లు, 22-ఏ నిషేధిత జాబితాలో లేదని ప్రింటు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు, నల్లా బిల్లులు, దగ్గర్లోని చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు. అన్నీ ఒక ఫైలు. ఆ ఫైలు మీద మొదటి పేజీలో వాడే పెన్నుతో రాశాడు: "పై గది ప్లానులో లేదు. బోరులో ఏప్రిల్, మే నీళ్ళు తక్కువ." నేను అదిరిపోయాను. అమ్మబోయే ఇంటి లోపాలు మనమే రాసివ్వడమేంటిరా అన్నాను. "బ్యాంకు ఇంజనీరు ఎట్లాగూ పట్టుకుంటడన్నా. అప్పుడు తెలిస్తే ఇంకా ఏమేం దాచిండ్రో అని అన్నీ అనుమానిస్తరు" అన్నాడు. మనం రిలీజ్ నోట్స్‌లో "నోన్ ఇష్యూస్" అని రాసేదీ ఇందుకే కదా. రాయకపోతే కస్టమర్ ఎలాగూ కనిపెడతాడు, ఆ తర్వాత మనం చెప్పే ఏ మాటా నమ్మడు.

కొనేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు?

ఇల్లు కొన్నది రెండు వీధుల అవతల అద్దెకి ఉంటున్న కుటుంబం. ఆవిడ ప్రభుత్వ టీచరు, ఆయనది ప్రైవేటు ఉద్యోగం, పిల్లల బడి అక్కడే. 2019లో వాళ్ళకి ఆ అద్దె ఇల్లు చూపించింది కూడా మా వాడే. ప్రకటన లేదు, బోర్డు లేదు. వాడి దగ్గర ఇంకో పుస్తకం ఉంది. అద్దెకి ఇప్పించిన వాళ్ళది. ఎవరి పిల్లలు ఏ బడిలో ఉన్నారు, ఎవరు ఇల్లు కొనాలన్నారు, ఎంతలో అన్నారు, అన్నీ. ఏడాదికోసారి ఫోన్ చేస్తాడు. ఇల్లు కొనమని కాదట. మోటరు బాగుందా, ఓనరు డిపాజిట్ గొడవ ఏమైనా ఉందా అని.

2010 నుంచి 2013 దాకా వాడి పొయ్యి వెలిగింది అద్దెల మీదే. లెక్క చూడండి. అప్పట్లో ఏడాదికి పది పన్నెండు అమ్మకాలు చేసేవాడు మూడుకి పడిపోయాడు. 30 లక్షల ఇంటికి ఒక శాతం అంటే 30 వేలు. మూడు ఇళ్ళకి ఏడాదికి 90 వేలు. షట్టరు అద్దె, పెట్రోలు పోతే మిగిలేది ఏముంది? నెలకి నాలుగు అద్దె ఇళ్ళు కుదిర్చి, ఒక్కోదానికి సగం నెల అద్దె తీసుకున్నా, 8 వేల అద్దెకి 4 వేలు, నాలుగిళ్ళకి 16 వేలు. అదీ వాడి జీతం. తోటి బ్రోకర్లు "అద్దెల పని మనకెందుకు, చిల్లర" అనేవాళ్ళట. వాళ్ళలో చాలామంది 2007లో లోను మీద పెద్ద కార్లు కొన్నారు, కస్టమర్లకి దర్జాగా కనపడాలని. మా వాడిది హీరో హోండా స్ప్లెండర్. నిలబడినవాళ్ళకీ పోయినవాళ్ళకీ తేడా ఏమిటని అడిగితే వాడు మొదట చెప్పింది తెలివితేటల గురించి కాదు, ఈఎంఐ గురించి. ఈఎంఐ ఉన్నవాడు ఈ నెల బేరం తెగకపోతే అబద్ధం చెప్పాల్సిందేనన్నాడు.

వద్దని చెప్పడం

2012లో ఒక ఆర్టీసీ డ్రైవరు ఊరి బయట 150 గజాల ప్లాటు కొంటానని వచ్చాడు. తొమ్మిది లక్షలు. అమ్మేవాడికి సేల్ డీడ్ లేదు, జీపీఏ మాత్రమే ఉంది. జీపీఏ మీద అమ్మితే యాజమాన్య హక్కు రాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మా వాడు ఆ డ్రైవరుకి వద్దన్నాడు. రెండు శాతం అంటే 18 వేలు పోయాయి. ఆ నెల వాడి కొడుకు బడి ఫీజు 12 వేలు కట్టాలి. వాడి భార్య గాజులు తాకట్టుకి వెళ్ళాయి. ఇది వాడు చెప్పలేదు, మా పిన్ని చెప్పింది.

ఆ డ్రైవరు 2016లో తిరిగొచ్చి ఒక పాత ఫ్లాటు కొన్నాడు, తర్వాత వాళ్ళ తమ్ముడిని కూడా తీసుకొచ్చాడు. నిజాయితీకి ఫలితం దక్కిందని ఇక్కడితో ఆపేస్తే వినడానికి బాగుంటుంది. కానీ మొత్తం సంగతి అది కాదు. వాడు వద్దన్న వాళ్ళలో సగం మంది పక్క షాపుకెళ్ళి కొనుక్కున్నారు. వాళ్ళలో కొందరికి రేటు మూడింతలైంది కూడా. ఎదురుపడితే "నీ మాట వింటే మునిగిపోయేవాళ్ళం" అని వీడినే ఎగతాళి చేస్తారు. అబద్ధాలు చెప్పిన బ్రోకర్లలో కొందరు ఈరోజు బిల్డర్లయ్యారు. కాబట్టి మంచిగా ఉంటే కోటీశ్వరులవుతారని నేను చెప్పను. నేను చూసిందల్లా ఒక్కటే. మార్కెట్టు లేనప్పుడు ఒక ఏజెంటు దగ్గర అమ్ముకోవడానికి మిగిలేది తెగిన రేట్ల లెక్క, కాగితాల పని, "వద్దు" అన్నప్పుడు జనం నమ్మే మాట. ఈ మూడూ డల్ టైములో మొదలుపెట్టి అప్పటికప్పుడు సంపాదించుకునేవి కావు.

అమెరికాలో పద్ధతి వేరు

మా మరదలు ఉండేది డాలస్‌లో. అక్కడ 2021లో మూడు శాతం కన్నా తక్కువకి దొరికిన ఇంటి లోను వడ్డీ 2023 అక్టోబరుకి ఎనిమిది దగ్గరికి చేరింది. పాత వడ్డీ ఉన్నవాళ్ళు ఇల్లు అమ్మరు, కొత్తవాళ్ళు కొనలేరు. 2024లో అక్కడ పాత ఇళ్ళ అమ్మకాలు సుమారు 40.6 లక్షలు, 1995 తర్వాత అంత తక్కువ లేవు. దానికి తోడు 2024 ఆగస్టు నుంచి కొనేవాళ్ళ తరఫు ఏజెంటు ఇల్లు చూపించే ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, తన ఫీజు ఎంతో అందులో రాయాలి. తన స్నేహితుల్లో ఇద్దరు బూమ్‌లో లైసెన్సు తీసుకున్నారు. అందులో ఒకరు మానేశారు. ఉన్నావిడ మాత్రం ఆ ఒప్పందాన్నే తన పనికొచ్చేలా మార్చుకుంది. "నేను మీకు ఈ పన్నెండు పనులు చేస్తాను, దానికి ఇంత" అని ఒక పేజీ రాసి ముందు పెడుతుందట.

మన దగ్గర అది లేదు. ఒకే ఇల్లు పదిమంది బ్రోకర్లకి చెబుతాం. పదిమందిలో ఎవడికీ అది తన ఇల్లు కాదు. కాగితాల మీద రెండు నెలలు పనిచేసి ఫైలు తయారుచేస్తే, ఇంకొకడు కొనేవాడిని తెచ్చి కమీషన్ పట్టుకుపోతాడని భయం. అందుకే ఎవడూ పనిచెయ్యడు. మా తమ్ముడు మా దగ్గర తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆర్నెల్లు ఇల్లు వాడికి మాత్రమే, ఫీజు ఒక శాతం, ఆర్నెల్లలో అమ్మకపోతే కాగితాల ఖర్చు తప్ప ఏమీ ఇవ్వనక్కర్లేదు. సొంత అన్న దగ్గర కూడా సంతకమా అనిపించింది కానీ, అత్తయ్యకి అదే నచ్చింది.

నవంబరులో గజం 74 వేలకి తెగింది. కోటీ 48 లక్షలు, మొత్తం చెక్కులు, బ్యాంకు లోను రూపంలోనే. 2025 జనవరిలో రిజిస్ట్రేషన్. వాడి ఫీజు లక్షా 48 వేలు. అత్తయ్య ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు. పక్కవీధి ఆయన బోర్డు ఆ రోజుకి కూడా అలాగే ఉంది, గజం 90 వేలు అని.

ఇక మన సంగతి

బ్రోకర్లు ఏం చెయ్యాలో ఇంత చెప్పాను కాబట్టి మన గురించి కూడా ఒక మాట. మనం ఇల్లు చూపించినవాడిని పక్కన పెట్టి ఓనరు దగ్గరికి నేరుగా వెళ్ళిపోతాం. రెండు శాతాన్ని అర శాతానికి బేరమాడతాం. పదిమందిని తిప్పి పదకొండోవాడి దగ్గర కొంటాం. కమీషన్ పద్ధతి ఎలా ఉందంటే, "కొనండి" అన్నవాడికే డబ్బులు, "వద్దు" అన్నవాడికి సున్నా. కోడ్ మెర్జ్ అయితేనే జీతం అని టెస్టర్లకి చెబితే ఒక్క బగ్ అయినా బయటికి వస్తుందా?

కాబట్టి ఈ డల్ టైములో ఇల్లో ప్లాటో చూస్తున్నవాళ్ళు ఒక పని చెయ్యొచ్చు. నమ్మకమున్న ఏజెంటుని ఒకరినే ఎంచుకోండి. తెగిన రేట్లు చూపించమనండి. బేరం కుదిరినా కుదరకపోయినా, కాగితాలు చూసి నిజం చెప్పినందుకు ఇంత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి. ఐదు వేలో పదివేలో అవుతుంది. లాయరుకి ఇచ్చేటప్పుడు ఆలోచించం కదా. ఆ డబ్బు ఉంటే, ఆ నెల ఎవరి గాజులూ తాకట్టు పెట్టకుండానే ఒక మనిషి మీతో "ఇది వద్దు సార్" అని చెప్పగలుగుతాడు.